సవరణ: తేలినీలాపురం, శాలిహుండం ట్రిప్ గురించి

సంక్రాంతి సెలవులకు ముందు మా స్కూలు పిల్లల్ని శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం పక్షుల కేంద్రానికి, శాలిహుండం బౌద్ధ క్షేత్రానికి తీసుకెళ్ళిన సంగతి ఇక్కడ రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి.

శాలిహుండం నాగావళి ఒడ్డున ఉందన్నాను. కాదు, వంశధార ఒడ్డున. సిక్కోలువాడినై ఉండి నదులు తారుమారు చేస్తే ఎవరూరుకుంటారు! పైగా ఆ కొండ మీది బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట కూడా వంశధార దగ్గరే.

రెండోది పెద్దది. తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయని రాసేశాను. చిన్నప్పటి నుంచీ అందరూ చెప్పేదే కదా! కానీ అక్కడ ముఖ్యంగా కనిపించే గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు మన దక్షిణాసియావే. ఇక్కడే గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. సైబీరియా నుంచి వచ్చే పక్షులు చలి తప్పించుకోడానికి వస్తాయి, గుడ్లు మాత్రం అక్కడికెళ్ళే పెడతాయి. ఆ మాట నాకు తేలినీలాపురంలోనే తట్టాల్సింది. ఇళ్ళ మధ్య చింతచెట్టు మీద గూడబాతు పిల్ల తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి చేపలు తింటోంది. ఐదో తరగతి పాప ఒకటే అరుపు, "మేస్టారూ, పిల్లని మింగేస్తోంది!" అని. ఆ కంగారు తగ్గించడంలో పడి నేనే ఆలోచించలేదు.

పరీక్షలయ్యాక వెళ్దామనుకునే టీచర్లు మాత్రం కాస్త ముందుకు జరుపుకోండి. వేసవి ముదిరేసరికి గూళ్ళు చాలావరకు ఖాళీ అయిపోతాయి.