ఇరవై ఒక్క అంకెల దొరగారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 147573952589676412927 గారి సముఖానికి,

తమ పూర్తి నామధేయం రాసేసరికే కలం అలసిపోయింది కనుక, ఇకపై తమను దొరగారనే సంబోధిస్తాను. 67 రెండ్లను వరుసగా హెచ్చవేసి, వచ్చిన లబ్ధంలోంచి ఒకటి తీసివేస్తే మిగిలేవారే కదా తమరు. చదరంగం పలక మీద గడిగడికీ గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయిన పాత కథ ఉంది చూశారూ, అలాంటి నిండు పలకలు ఎనిమిదింటిని ఒకచోట కుమ్మరించి పైన మరో ఏడు గింజలు వేస్తే సరిగ్గా తమ ఐశ్వర్యమవుతుంది. ఇంత ఉన్నవారికి, లేని ప్రధానత్వాన్ని తగిలించుకుని తిరగవలసిన అగత్యం ఏమొచ్చిందో నాకు అంతుపట్టదు.

ఒకటీ తానూ తప్ప మరెవ్వరూ నిశ్శేషంగా భాగించలేని ప్రధాన సంఖ్యల పంక్తిలో, 1644లో మారిన్ మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి తమకు పీట వేశారు. ఆయన మాట మీది గౌరవంతోనో, తమ ఆకారం చూసిన భయంతోనో గానీ, 232 ఏళ్లపాటు తమను ఆ పీట మీదనుంచి ఎవరూ లేపలేకపోయారు. 1876లో గణితవేత్త ఎడ్వార్ లూకా తమరు ప్రధాన సంఖ్య కారని రుజువు చేశారు కానీ, తమ కారణాంకాలేమిటో ఆ రుజువు చెప్పలేదు. నేరం తేలింది, సొత్తు దొరకలేదు! మరో 27 ఏళ్లు తమరు దర్జాగానే గడిపారు.

1903 అక్టోబరు 31న న్యూయార్క్‌లో అమెరికన్ గణిత సంఘం సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఆ సొత్తు బయటపెట్టారు: 193707721, 761838257287. ఆయన నోరు మెదపకుండా నల్లబల్ల మీద ఈ రెండింటినీ హెచ్చవేసి కూర్చున్నారనీ, సభ చప్పట్లతో మారుమోగిందనీ, ఎంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలన్నారనీ కథగా చెప్పుకుంటారు. నా ఆదివారాలు ఏమవుతున్నాయో తమకు చెప్పడం అప్రస్తుతం.

అంత గుణకారం చేసే ఓపిక లేక, బడిలో నేర్పిన తొమ్మిదుల తనిఖీ మాత్రం చేశాను. మొదటి కారణాంకంలోని అంకెల మొత్తం 37, రెండోదానిది 64, తమది 109. మూడింటినీ తొమ్మిదితో భాగిస్తే ఒకటే మిగులుతోంది; ఒకటిని ఒకటితో హెచ్చవేస్తే ఒకటే కనుక తనిఖీ కుదిరింది. అంతకంటే ముచ్చటైన సంగతి, తమను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, అందులోంచి ఒకటి తీసేస్తే తమ 67కు రెట్టింపైన 134తో తెగాలి. 193707720ని భాగించి చూశాను: 1445580, శేషం సున్న. దాచిన సొత్తు మీద కూడా ఇంటి ముద్ర వేసుకున్నారన్నమాట!

ఇక తమకు కాస్త దగ్గరవాడే, 61 రెండ్ల లబ్ధంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేవాడు, నిజమైన ప్రధాన సంఖ్య అయివుండీ మెర్సెన్ పంక్తిలో చోటు దొరక్క గుమ్మం బయటే నిలబడ్డాడు. 1883లో పెర్వూషిన్ అనే రష్యా మతాచార్యుడు వచ్చి అతని యోగ్యతను నిరూపించవలసి వచ్చింది. మెర్సెన్ రాయదలచింది 61 అనీ, 67 కేవలం చేతప్పు అనీ ఊహించినవారూ ఉన్నారు. అదే నిజమైతే, తమరు రెండు శతాబ్దాలకు పైగా కూర్చున్న పీట మీద రాసివున్న పేరు ఎవరిదో ఒక్కసారి లేచి చూసుకోగలరు.

ఇట్లు,
తమ అంకెలను వేళ్ల మీద కూడుకున్న ఒక మాజీ అభిమాని