తప్పు లాప్‌టాప్‌ది కాదు, స్క్రిప్ట్‌ది

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రోజూ పరకాల నుంచి బస్సులో హనుమకొండ వస్తుంది. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌ల పత్తి అమ్మిన పైసలతో కొనిచ్చిన విండోస్ లాప్‌టాప్ ఆమెది. మొదటి రెండు రోజులు ఒక్క లైన్ కోడ్ రాయలేదు. మేమే రాయనియ్యలేదు. ప్రాజెక్ట్ కోడ్ ఉన్న రిపో క్లోన్ చేసుకుంది, ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించే టూల్) ఇన్‌స్టాల్ అయింది, కోడ్‌లో తప్పులు వెతకడానికి ఎన్‌పీఎం రన్ లింట్ కొట్టింది. అక్కడ ఆగిపోయింది.

"అన్నా, డాట్ అనే కమాండే లేదంటున్నది, ఏం జేయాలె?" అని గ్రూపులో అడిగింది. వచ్చిన జవాబు: "విండోస్ కదా, గట్లనే ఉంటది."

ఈ జవాబు నాకు ఇప్పటికీ మింగుడు పడతలేదు.

ఎన్‌పీఎం రన్ లింట్ అంటే నడిచేది ప్యాకేజ్ జేసన్ ఫైల్‌లో రాసిపెట్టిన కమాండ్, దాన్నే స్క్రిప్ట్ అంటాం. మా స్క్రిప్ట్ మ్యాక్ మీద రాసింది. టూల్ పేరు ముందర డాట్, స్లాష్, నోడ్ మాడ్యూల్స్, స్లాష్, డాట్ బిన్ అని దారంతా పెట్టారు. మ్యాక్‌లో, లైనక్స్‌లో ఎన్‌పీఎం స్క్రిప్టులను ఎస్‌హెచ్ అనే షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) నడుపుతుంది, ఆ దారి దానికి తెలుసు. విండోస్‌లో నడిపే షెల్ సీఎండీ. ముందుకు వాలిన స్లాష్ కనబడితే అక్కడ ఆప్షన్ మొదలైందనుకుంటుంది, దాని ముందున్న ఒక్క చుక్కను కమాండ్‌గా తీసుకుంటుంది. చుక్క పేరుతో ఏ ప్రోగ్రామూ లేదు కాబట్టి ఎర్రర్.

అసలు ఆ దారి రాసే అవసరమే లేదు! ఎన్‌పీఎం రన్ అనగానే టూల్స్ ఉండే డాట్ బిన్ ఫోల్డర్‌ను అదే పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందర చేరుస్తుంది. మా లింట్ టూల్ పేరు, ఉత్త ఈఎస్‌లింట్ అని రాస్తే సరిపోతుంది. మ్యాక్, లైనక్స్‌లకు అక్కడ సిమ్‌లింక్ (అసలు ఫైల్‌కు దారి చూపే లింక్) పెడుతుంది, విండోస్‌కు డాట్ సీఎండీ ఫైల్ పెడుతుంది. ఇంత ఏర్పాటు ముందే చేసి ఉంటే మనం దాన్ని దాటిపోయి చేత్తో దారి రాయడమెందుకు?

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఎవరో ఈఎస్‌లింట్‌ను "గ్లోబల్‌గా వేసుకో" అన్నారు, అంటే ప్రాజెక్ట్‌లో కాకుండా లాప్‌టాప్ మొత్తానికి. వేసుకుంది. మా ప్రాజెక్ట్‌లో ఉన్నది ఈఎస్‌లింట్ 8, ఆమెకు దిగింది 9. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఆ 9 పాత ఈఎస్‌లింట్‌ఆర్‌సీ సెట్టింగుల ఫైల్‌ను మామూలుగా చూడనే చూడదు, కొత్త తరహా కాన్ఫిగ్ ఫైల్ అడుగుతుంది. ఆ పిల్ల తన తప్పే అనుకొని కొత్త కాన్ఫిగ్ రాసుకుంటూ కూసుంది. చివరి బస్సు పోతుందని నేనే లేపి పంపించిన. ప్రాజెక్ట్‌లో ఉన్న వెర్షనే అందరూ వాడాలనే కదా టూల్‌ను లోకల్‌గా పెట్టుకున్నది!

విండోస్‌లోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకోమన్నవాళ్లు కూడా ఉన్నారు. 8 జీబీ ర్యామ్‌లో ఎడిటర్, బ్రౌజర్ నడుస్తుండగా దాని మీద ఇంకో లైనక్సా? ఒక్క పదం సరిచేసే పనికి?

ఫోల్డర్లు తుడిచే ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్, కమాండ్ ముందర సెట్టింగ్‌గా పెట్టే నోడ్ ఎన్వ్ ఈక్వల్స్ ప్రొడక్షన్, గ్లాబ్ (నక్షత్రం గుర్తుతో రాసే ఫైళ్ల నమూనా) చుట్టూ సింగిల్ కోట్లు, ఇవన్నీ సీఎండీలో అట్లనే పడిపోతాయి. వాటికి బదులు రిమ్‌రాఫ్, క్రాస్ ఎన్వ్ అనే ప్యాకేజీలు ఉన్నాయి, జేసన్‌లో ఎస్కేప్ చేసిన డబుల్ కోట్లు ఉన్నాయి. సొంత నోడ్ స్క్రిప్ట్ నుంచి స్పాన్‌తో (వేరే ప్రోగ్రామ్ నడిపే నోడ్ ఫంక్షన్) టూల్ పిలిచేవాళ్లు మాత్రం ఇంకొంచెం పైలం. 2024 ఏప్రిల్ సెక్యూరిటీ సవరణ తర్వాత విండోస్‌లో డాట్ సీఎండీ ఫైల్‌ను షెల్ లేకుండా పిలిస్తే నోడ్ ఒప్పుకోదు. అట్లని ప్రతిచోటా షెల్ ద్వారా నడపమనే షెల్ ట్రూ ఆప్షన్ పెట్టకండి, బయటి నుంచి వచ్చిన మాట అందులో కలిస్తే ప్రమాదం. టూల్ తాలూకు జేఎస్ ఫైల్‌నే నోడ్‌కు ఇచ్చి నడిపితే ఏ సిస్టమ్‌లోనైనా ఒకటే తీరు.

మా ప్యాకేజ్ జేసన్‌లో మూడు స్క్రిప్టుల నుంచి ఆ దారి తీసేసిన. ఆమె గ్లోబల్ ఈఎస్‌లింట్ కూడా తీసేసుకుంది. లింట్ నడిచింది, బిల్డ్ అయింది. కోడ్ మారినప్పుడల్లా తనంతట తానే పరీక్షించే సీఐలో విండోస్ కూడా చేర్చిన. రీడ్‌మీలో "విండోస్‌కు సపోర్ట్ లేదు" అన్న లైన్ మాత్రం ఇంకా ఉంది. అది రాసినవాళ్లే వచ్చి తీసేయాలె, గ్రూపులో ఆ అమ్మాయి అడిగినదాని కింద సరైన జవాబు కూడా వాళ్లే రాయాలె.