ఏం కాదు, గ్యాసే!

మన ఇళ్ళల్లో డాక్టరు లేకుండానే తేలిపోయే జబ్బు ఒకటుంది. కడుపు ఉబ్బితే గ్యాస్. ఛాతీలో మండితే గ్యాస్. వీపు లాగితే గ్యాస్ పట్టేసింది, తల తిరిగితే గ్యాస్ తలకెక్కింది. తెలుగువాళ్ళ ఒంట్లో గ్యాస్ వెళ్ళలేని చోటంటూ లేదు. వైద్య పుస్తకాల్లో మాత్రం ఈ పేరుతో జబ్బేదీ కనపడదు. అక్కడ అజీర్తి, యాసిడ్ రిఫ్లక్స్, అల్సర్, పిత్తాశయంలో రాళ్ళు అని వేటి పేర్లు వాటికున్నాయి, వేటి వైద్యం వాటికుంది. ఛాతీ దగ్గరికొచ్చేసరికి గుండెపోటు కూడా ఆ వరసలోకి వస్తుంది. ఇన్నింటికీ మనం ఒకటే మాట వాడుతున్నాం, ఒకటే మాత్ర మింగుతున్నాం. నా గొడవంతా ఆ మాటతోనే.

ఆరేళ్ళ కిందటి వేసవి. రాత్రి పదకొండింటికి మా బాబాయి మంచం అంచున కూర్చుని ఛాతీ మధ్యలో అరచేత్తో రుద్దుకుంటున్నాడు. "ఏం కాదురా, గ్యాస్ పట్టేసింది" అన్నాడు. "సాయంత్రం ఆ మిరపకాయ బజ్జీలు వద్దంటే విన్నారా?" అంటూ పిన్ని వంటింట్లోంచి వాము, ఉప్పు తెచ్చి అరచేతిలో పోసింది. నమిలి, గోరువెచ్చటి నీళ్ళు తాగాడు. రెండు త్రేన్పులొచ్చాయి. "ఆఁ... ఇప్పుడు తేలికైంది" అన్నాడు. ఫ్యాను ఐదులో తిరుగుతోంది. అయినా బనీను వీపుకి అతుక్కుపోయింది. నేను చూశాను. ఎండాకాలం కదా అనుకున్నాను.

తెల్లారి వాంతి అయ్యాక గానీ ఆసుపత్రికి కదల్లేదు. ఈసీజీ కాగితం చేతిలో పట్టుకుని డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి మాట, "నొప్పి ఎన్నింటికి మొదలైంది?" పిన్నీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్టెంటు వేశారు, మనిషి దక్కాడు. గుండె పంపింగ్ మాత్రం 35 శాతం దగ్గర ఆగిపోయింది. మామూలు మనిషికి 55 పైనే ఉంటుంది.

ఆ రాత్రి మేం చూసినవాటిలో ఏదీ అబద్ధం కాదు, అదే చిక్కు. బజ్జీలు తిన్నమాట నిజం, త్రేన్పు వచ్చినమాట నిజం, కాసేపు తేలికైనమాటా నిజమే. కానీ త్రేన్పు వచ్చాకనో, గ్యాస్ సిరప్ తాగాకనో నొప్పి తగ్గిందంటే అది గుండెది కాదని అర్థం కాదు. గుండె నొప్పి కూడా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. పైగా గుండె, అన్నవాహిక, పొట్ట పైభాగం, ఈ మూడింటి నుంచి నొప్పిని మోసుకెళ్ళే నరాలు వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోటికి చేరతాయి. కబురు ఏ ఇంటి నుంచి వచ్చిందో మెదడుకి స్పష్టంగా తెలియదు. గుండె కింది భాగం డయాఫ్రమ్ మీద, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర మీద ఆనుకుని ఉంటుంది. ఆ భాగానికి రక్తం ఆగితే వికారం, వాంతి, బొడ్డుకి పైన బరువు, ఇవే ముందు కనపడొచ్చు. అచ్చం తిన్నది అరగనట్టే.

ఇంతకీ గ్యాస్ అంటే ఏమిటి? పేగుల్లో గ్యాస్ ఉండటం రోగం కాదు. మనం మింగే గాలి కొంత, పెద్దపేగులో బ్యాక్టీరియా తయారుచేసేది కొంత. కందిపప్పు, శనగలు, చిక్కుళ్ళలో ఉండే కొన్ని చక్కెరల్ని అరిగించే ఎంజైమ్ మనిషికి లేదు. అవి అరక్కుండా కిందికి దిగితే అక్కడి సూక్ష్మజీవులు పులియబెడతాయి. పాలు పడనివాళ్ళకీ ఇంతే. రోజుకి పది ఇరవైసార్లు గ్యాస్ పోవడం ఆరోగ్యవంతుల్లోనూ మామూలే, ఎవరూ పైకి చెప్పుకోరు గానీ. ఈ గ్యాస్ పేగుల్లోంచి బయటపడి భుజంలోకో, మోకాల్లోకో వెళ్ళే దారి లేదు. తలకి ఎక్కే దారి అసలే లేదు.

త్రేన్పు కథ ఇంకో రకం. పైకి వచ్చే గాలిలో ఎక్కువ భాగం మనం మింగిందే. గబగబా తినేటప్పుడు, కూల్‌డ్రింకు తాగేటప్పుడు, టెన్షన్‌లో గుటకలు వేసేటప్పుడు లోపలికి పోతుంది. "ఒక్క త్రేన్పు వస్తే బాగుండు" అని గొంతు బిగబట్టి ప్రయత్నించేవాళ్ళు ప్రతిసారీ ఇంకాస్త గాలి మింగుతుంటారు. అది వస్తుంది, మళ్ళీ మింగుతారు. ఇక బుస్సుమని పొంగే పొడి సంగతి. అందులో ఉండేది సోడా ఉప్పు, నిమ్మ ఉప్పు. నీళ్ళు తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది తాగిన నిమిషానికి "హమ్మయ్య, గ్యాస్ పోయింది" అని మనం సంబరపడే త్రేన్పు చాలావరకు ఆ గ్లాసులో తయారైన గ్యాసే. ఆ సోడా యాసిడ్‌ని కాసేపు చల్లారుస్తుంది, నిజమే. అందులో సోడియమూ ఉంటుంది కాబట్టి బీపీ ఉన్నవాళ్ళు రోజూ తాగకూడదు.

గుండెల్లో మంట, గొంతులోకి పుల్లనీళ్ళు, ఇవి ఎక్కువగా రిఫ్లక్స్. అన్నవాహిక పొట్టలో కలిసే చోట తలుపులా పనిచేసే కండరం వదులైతే యాసిడ్ పైకి తన్నుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు, గర్భం, సిగరెట్, మద్యం, అన్నిటికన్నా ముఖ్యంగా రాత్రి పదిన్నరకి కడుపునిండా తిని పదకొండింటికి పడుకోవడం. తిండికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలుంటే సగంమందికి మాత్రతో పని తగ్గుతుందని నా నమ్మకం. ఎడమవైపు తిరిగి పడుకోవడం, తలవైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టడం పనిచేస్తాయి. దిండు మీద దిండు వేస్తే నడుం దగ్గర మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది.

అల్సర్ అలా కాదు. అది పుండు. కారం తినడంవల్ల, ఆలోచనలవల్ల వస్తుందని మన పెద్దలే కాదు, డాక్టర్లూ చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాకి చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీనికి మూలం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అంటే ఎవరూ వినలేదు. చివరికి 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగి, పొట్టలో వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. దీనికి వైద్యం రెండు వారాల యాంటీబయాటిక్స్ కోర్సు, మధ్యలో ఆపకుండా. రెండో పెద్ద కారణం నొప్పి మాత్రలు. మోకాళ్ళ నొప్పులకని డైక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి వాడి, ఆ మాత్రలు చేసిన పుండుకి గ్యాస్ అని పేరు పెట్టి, దానిమీద ఇంకో మాత్ర వేసే ఇళ్ళు నాకు తెలిసి నాలుగున్నాయి. మలం తారులా నల్లగా వస్తే లోపల రక్తం కారుతున్నట్టు అనుమానించాలి. మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, యాభై దాటాక కొత్తగా అజీర్తి మొదలైనా ఎండోస్కోపీ చేయించాల్సిందే. నూనె భోజనం తర్వాత కుడి పక్కటెముకల కింద పోటు వచ్చి కుడి భుజం వెనక్కి పాకితే పిత్తాశయంలో రాళ్ళు కావచ్చు, అది స్కానింగులో తెలిసిపోతుంది.

మెడికల్ షాపులో ఓ పావుగంట నిలబడి చూడండి. "అన్నా, ఒక గ్యాస్ మాత్ర" అంటారు. ఎవరికి, ఎప్పట్నుంచి అని కౌంటర్ వెనకున్నాయన అడగడు. కత్తెరతో షీటు కోసి చేతిలో పెడతాడు. అది చాలాసార్లు పాంటోప్రజోల్. అదే జాతికి చెందిన ఒమెప్రజోల్ 1980ల చివర్లో వచ్చాక, అల్సర్ ఆపరేషన్లు బాగా తగ్గడానికి ఈ జాతి మందులు తోడ్పడ్డాయి, వాటిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ అది నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర కాదు. యాసిడ్ పంపుల్ని మూసే మందు కాబట్టి పరగడుపున, టిఫినుకి అరగంట ముందు వేసుకోవాలి, పూర్తిగా పనిచేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది. రాత్రి పదకొండింటికి నొప్పి వచ్చి, మాత్ర వేసి, పదినిమిషాల్లో తగ్గిందంటే తగ్గించింది ఆ మాత్ర కాదు. అలాగని ఏళ్ళ తరబడి మింగితే బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు. ఒక్కసారిగా ఆపేస్తే యాసిడ్ ఎదురుతిరిగి ముందుకన్నా ఎక్కువ మండొచ్చు. "చూశారా, మాత్ర లేకపోతే ఉండలేను" అని మళ్ళీ మొదలుపెడతారు.

మళ్ళీ గుండె దగ్గరికొద్దాం. గుండెపోటు అంటే సినిమాలో హీరో తండ్రిలా ఎడమవైపు పట్టుకుని కూలబడటం అనుకుంటాం. నిజంగా వచ్చేవాళ్ళు ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుందంటారు. దవడ లాగడం, రెండు భుజాల మధ్య నొప్పి, ఆయాసం, చల్లటి చెమట కూడా ఉండొచ్చు. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళలో నరాలు మొద్దుబారి నొప్పే తెలియకపోవచ్చు. ఆడవాళ్ళలో నీరసం, వికారం, ఊపిరి అందకపోవడమే ముందుకి రావచ్చు. ఇంట్లో ఆడవాళ్ళు నలతగా ఉందంటే "ఏమీ తినకుండా ఉపవాసాలుంటే గ్యాస్ పట్టదా" అన్న తీర్పు ఇంకా తొందరగా వస్తుంది. మెట్లెక్కితే ఛాతీ పట్టేసి, ఆగితే వదిలేస్తోందా? దాన్ని గ్యాస్ అనడం మానేసి ఆ వారంలోనే చూపించుకోవాలి. దక్షిణాసియా వాళ్ళకి గుండెపోటు మిగతా ప్రపంచంకన్నా సగటున ఐదారేళ్ళు ముందే వస్తోందని చాలా దేశాలు కలిసి చేసిన పెద్ద అధ్యయనంలో తేలింది కాబట్టి "నలభై ఐదేళ్ళకి గుండేంటి" అన్న ధీమా కూడా పనికిరాదు.

ఇదంతా చదువు లేకపోవడంవల్ల అని తేల్చేవాళ్ళతో నేను ఏకీభవించను. మా బాబాయి బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. గ్యాస్ అన్న మాటకి ఖర్చు లేదు, భయం లేదు, ఎవర్నీ నిద్ర లేపక్కర్లేదు. గుండె అన్న మాట నోటినుంచి వచ్చిందంటే ఆటో, ఈసీజీ, ఎకో, యాంజియో, అడ్వాన్స్ కట్టమనే కౌంటరు, అన్నీ వరసగా కళ్ళముందు కదులుతాయి. ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు చూసినవాడు గ్యాస్ అని మొక్కుకోకుండా ఎలా ఉంటాడు? ఊళ్ళో ఆర్ఎంపీకీ ఆ మాటే సులువు. ఒక ఇంజెక్షన్, రెండు మాత్రలు, పేషెంటు నవ్వుతూ ఇంటికి. అర్ధరాత్రి ఊరి పొలిమేర దాటించే బాధ్యత నెత్తిన పడదు.

భయం అటువైపూ పనిచేస్తుంది. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే పోయాక బెంగళూరులో గుండె ఆసుపత్రుల ముందు పరీక్షలకి జనం బారులు తీరారు. నిజంగా యాసిడ్ మంట ఉన్న కుర్రాళ్ళు మూడేసిసార్లు ఎకో తీయించుకుని, అన్నీ నార్మలే అంటే ఇంకా భయపడిపోవడం నేను చూశాను. వాళ్ళకి కావలసింది నాలుగో ఎకో కాదు, రాత్రి భోజనం ఎనిమిదింటికి ముగించడం. మొత్తానికి జబ్బు పేరు డాక్టరు చెప్పకముందే మనం పెట్టేసుకుంటున్నాం, ధైర్యం ఉన్నవాడు గ్యాస్ అని, భయం ఉన్నవాడు గుండె అని.

ఆ రెండింటినీ విడదీసేది ఒక కాగితం ముక్క. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళకి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ఆసుపత్రులు పాటించాల్సిన పద్ధతి. మొదటిది నార్మల్‌గా ఉన్నంతమాత్రాన లేచి ఇంటికి రాకూడదు. అనుమానం ఉంటే మళ్ళీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు, అది కూడా నొప్పి మొదలైన కొన్ని గంటలకి గానీ పెరగకపోవచ్చు. రక్తనాళంలో గడ్డని కరిగించే ఇంజెక్షన్ మొదటి రెండు మూడు గంటల్లో పడితే వచ్చే లాభం, ఆ తర్వాత గంట గంటకీ తగ్గిపోతుంది. ఆ టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ బయట కొంటే వేలల్లో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్టెమీ (రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి వచ్చే గుండెపోటు) కార్యక్రమం కింద ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. తెలంగాణలోనూ ఇదే పేరుతో ఉంది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు చూసి చెబుతాడు, ఇంజెక్షన్ ఇక్కడే వేస్తారు. ఇంత ఏర్పాటు ఉన్నా, మంచం అంచు దగ్గర పోయే గంటల్ని అది తిరిగి తేలేదు. ఎన్నికలప్పుడు ఆసుపత్రి భవనాల ఫొటోలు వేస్తారు గానీ, ఏరియా ఆసుపత్రిలో ఈ ఇంజెక్షన్ ఉందని ఆ వీధివాళ్ళకి చెప్పే బోర్డు నాకెక్కడా కనపడలేదు. 108 మాత్రం 2005 ఆగస్టు 15 నుంచీ ఉంది, అందరికీ నోటికి వచ్చిన నంబరే. ఆ రాత్రి మాకూ వచ్చు.

బాబాయి ఇప్పుడు రోజూ ఏడు మాత్రలు వేసుకుంటాడు. మెట్లు మెల్లగా ఎక్కుతాడు. మొన్న ఓ పెళ్ళిలో పులిహోర, గారెలు తిని ఇంటికొచ్చి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని అలవాటు కొద్దీ "గ్యాస్..." అన్నాడు. పిన్ని వంటింట్లోకి వెళ్ళలేదు. ముందు ఆయన మెడ వెనక చెయ్యి పెట్టి చెమట పట్టిందేమో చూసింది. పొడిగానే ఉంది. అయినా, "చెప్పులేసుకోండి, ఈసీజీ తీయించుకొద్దాం" అంది. తీయించారు. పాతదానికీ దీనికీ తేడా లేదని చెప్పి, రెండో ఈసీజీ, రక్తపరీక్ష కూడా చూసుకుని రాత్రి ఒంటిగంటకి పంపించారు. వచ్చాక మజ్జిగ ఇచ్చింది.