ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని కూర్చునే అమ్మల కోసం

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఓర్లాండోలో డిస్నీవారి టైఫూన్ లగూన్ వాటర్ పార్కుకు ఇప్పుడు వెళ్ళేవాళ్ళకు షార్క్ రీఫ్ కనిపించదు. 1989లో పార్కుతో పాటే మొదలైన, సొరచేపల మధ్య ఈదే ఆ ఉప్పునీటి కొలనును 2016 అక్టోబరులో మూసేశారు. కెరటాల కొలను ఉంది, జారుడుబల్లలు ఉన్నాయి, కొత్తవి కూడా వచ్చాయి. కాబట్టి ఒక కొలను పోతే పెద్ద నష్టమేమీ లేదని చాలామంది అనుకుని ఉంటారు. నేను అలా అనుకోవడం లేదు. అమెరికాలో మన తెలుగు కుటుంబాలు వెళ్ళే వినోద స్థలాలన్నిటిలో, ఈత రాని పెద్దవాళ్ళను కూడా నీళ్ళలోకి దింపి, ముఖం ముంచి కళ్ళు తెరిపించిన చోటు నాకు తెలిసినంతలో అదొక్కటే. అలాంటి చోట్లు మనకు మళ్ళీ కావాలి. దొరకనిచోట మన తెలుగు సంఘాలే పూనుకుని, ముందుగా ఒడ్డున కూర్చునే మన తల్లులకు ఈత నేర్పించాలి.

ఆ కొలను ఎలా ఉండేదో చూడనివారికి చెప్పాలి. నిండా ఉప్పునీరు. క్లోరిన్ కలిపితే చేపలు బతకవు కాబట్టి ఆ నీటిని వేరే పద్ధతిలో వడపోసేవారు. మిగతా పార్కులో నీళ్ళు గోరువెచ్చగా ఉంటే ఇక్కడ మాత్రం ఇరవై డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేవి. కాలు పెట్టగానే ఒళ్ళు జివ్వుమనేది. దిగేముందు షవరు కింద నిలబడి ఒంటికి రాసుకున్న క్రీములు కడుక్కోవాలి. మాస్కు, ముఖం నీళ్ళలో ఉన్నా నోటితో ఊపిరి తీసుకునే స్నార్కెల్ గొట్టం వాళ్ళే ఇచ్చేవారు, కావాలంటే లైఫ్ జాకెట్ కూడా. కాళ్ళు గట్టిగా తన్నవద్దు, అడుగున నిలబడవద్దు, దేన్నీ ముట్టుకోవద్దు అని రెండు నిమిషాలు చెప్పేవారు. ఆ తర్వాత ఈ గట్టు నుంచి ఆ గట్టుకు బోర్లా తేలుతూ వెళ్ళడమే. కింద రంగురంగుల ఉష్ణమండలపు చేపలు, తోకకు ముల్లున్న చదునైన స్టింగ్‌రే చేపలు, నేలబారుగా తిరిగే చిన్న సొరచేపలు. మధ్యలో బోల్తాపడిన ఓడ ఒకటి. దాని లోపలికి పొడిబట్టలతో నడిచి వెళ్ళి, గుండ్రటి కిటికీల్లోంచి నీటి లోపలి ప్రపంచాన్ని చూడవచ్చు. వీటన్నిటికీ వేరే టికెట్టు లేదు. పార్కు ప్రవేశ రుసుములోనే అన్నీ.

ఆ ఓడ కిటికీలను నేను చాలా గౌరవంతో గుర్తుచేసుకుంటాను. వేసవి సెలవుల్లో ఇండియా నుంచి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు నీళ్ళలోకి దిగరు. కొందరికి గుండెజబ్బు, కొందరికి మోకాళ్ళు, కొందరికి ఆ బట్టలంటే ఇబ్బంది. మా అత్తయ్య ఆ కిటికీకి ముఖం ఆనించి నిలబడింది. అవతల నీళ్ళలో తేలుతూ మనవడు చెయ్యి ఊపాడు. ఇద్దరి మధ్యా ఒక సొరచేప నింపాదిగా సాగిపోయింది. నెల్లూరు దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషి ఆమె. సొరచేపను వలలో చూసింది, బుట్టలో చూసింది, చట్టిలో చూసింది. ఈదుతుండగా చూడటం మాత్రం అదే మొదటిసారి. "ఇంత అందంగా తిరుగుతుందా ఇది!" అంది.

మన తీరంలో సొర పుట్టు తెలియని ఊరు ఉండదు. బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెట్టడం తరాలుగా వస్తున్న ఆచారం. అమెరికాలో పుట్టిన మన పిల్లలకు ఆ పరిచయమూ లేదు. వాళ్ళకు సొరచేపంటే టీవీలో నోరు తెరిచి మీదికి వచ్చే పళ్ళ వరుస. ఒక తరానికి కూర, ఇంకో తరానికి భయం. అసలు జంతువు ఎలా బతుకుతుందో రెండు తరాలకూ తెలియదు. ఆ కొలను రెండు తరాలకూ ఒకేసారి దాన్ని చూపించింది, అది కూడా ఒకే మధ్యాహ్నం.

అక్కడ ఉన్న సొరల్లో ముఖ్యమైనవి రెండు రకాలు: బానెట్‌హెడ్, లెపర్డ్ షార్క్. బానెట్‌హెడ్ సుత్తితల సొరల కుటుంబంలోని చిన్న జాతుల్లో ఒకటి, మూడు నాలుగు అడుగులు ఉంటుంది. తల గరిటె తలలా వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. పీతలు, రొయ్యలు దాని ముఖ్యమైన ఆహారం. వాటితో పాటు కడుపులోకి వెళ్ళే సముద్రపు గడ్డిని కూడా అది జీర్ణం చేసుకుంటుందని 2018లో శాస్త్రవేత్తలు నిరూపించారు. గడ్డి తినే సొర ఉందంటే శాకాహార కుటుంబాల పిల్లల కళ్ళు ఎలా మెరుస్తాయో చూడాలి. ఇంకో అద్భుతం కూడా ఈ జాతిదే. 2001లో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహా జంతుప్రదర్శనశాలలో, మగ సొర అన్నదే లేని తొట్టిలో ఒక బానెట్‌హెడ్ పిల్ల పుట్టింది. దాని జన్యువుల్లో తండ్రి వాటా లేదని 2007లో తేలింది. సొరచేపల్లో మగతోడు లేకుండా సంతానం కలగడం రుజువైనది అదే మొదటిసారి. ఇప్పుడు ఈ జాతి అంతరించే ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో చేరింది.

భయం సంగతికి వద్దాం. ప్రపంచంలో సొరచేపల దాడుల లెక్క ఫ్లోరిడాలోనే, గెయిన్స్‌విల్‌లోని విశ్వవిద్యాలయంలో ఉంటుంది. 2024లో మనిషి రెచ్చగొట్టకుండా సొర కరిచిన సంఘటనలు ప్రపంచం మొత్తం మీద 47. వాటిలో ప్రాణాలు పోయినవి 4. మనుషుల చేతుల్లో ఏటా చనిపోయే సొరచేపలు సుమారు పది కోట్లు ఉంటాయని 2013లో వేసిన అంచనా. వీటిలో రెక్కల కోసం, మాంసం కోసం పట్టేవి ఉన్నాయి, వేరే చేపల కోసం వేసిన వలల్లో పొరపాటున పడేవీ ఉన్నాయి. ఎవరు ఎవరికి భయపడాలో ఈ అంకెలే చెబుతాయి. అయితే అంకెలు చదివి భయం పోగొట్టుకున్న మనిషిని నేను చూడలేదు. పక్కనుంచి సొర వెళ్తుంటే ఊపిరి బిగబట్టి, అది తనను పట్టించుకోకుండా పోయాక మెల్లగా ఊపిరి వదిలిన మనిషికే ఆ భయం పోతుంది.

ఈ వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. సముద్రంలో తిరగవలసిన ప్రాణిని మన సరదా కోసం తొట్టిలో పెట్టడం న్యాయమా? ఈ ప్రశ్న మొదట మన పిల్లలే అడుగుతారు, అడగాలి కూడా. డాల్ఫిన్ల విషయంలో నేను వాళ్ళ పక్షమే. డాల్ఫిన్ రెక్క పట్టుకుని ఈదడానికి, దాని ముక్కు మీద ముద్దుపెట్టి ఫొటో దిగడానికి వందల డాలర్లు పోయడాన్ని నేను సమర్థించలేను. షార్క్ రీఫ్‌లో అలాంటివేవీ లేవు. అక్కడ జంతువు ఏ విద్యా ప్రదర్శించదు. మనిషి దాన్ని ముట్టుకోడు, దానికి మేత వేయడు, చప్పుడు లేకుండా దాటి వెళ్ళిపోతాడు. బానెట్‌హెడ్, లెపర్డ్ షార్క్ లోతులేని తీరపు నీళ్ళలో తిరిగే చిన్న జాతులు. మహాసముద్రాలు ఈదే పెద్ద సొరను తొట్టిలో పెట్టడానికీ దీనికీ తేడా ఉంది. అయినా తొట్టి తొట్టే. ఆ బరువును నేను ఒప్పుకుంటాను. దాన్ని మోసి కూడా, ఎంతోమంది మనసులోని భయాన్ని కొంచెం కరిగించే కొలను ఉండటమే మేలని నా నిర్ణయం.

ఎందుకంటే, ఇష్టం కలిగిన చోటే కాపాడాలన్న ఆలోచన పుడుతుంది. 2021 డిసెంబరులో విశాఖ జిల్లా తంతడి తీరంలో వలకు చిక్కి ఒడ్డుకు వచ్చిన భారీ తిమింగల సొరను అటవీశాఖవారు, మత్స్యకారులు కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపారు. ఆ జాతికి 2001 నుంచి మన దేశంలో చట్టరక్షణ ఉంది. సొర రెక్కల ఎగుమతిని 2015లో భారత ప్రభుత్వం నిషేధించింది. చట్టం ఎంత ఉన్నా తంతడిలో ఆ రోజు నీళ్ళలోకి దిగి నెట్టినవాళ్ళు మనుషులు.

షార్క్ రీఫ్ పోయాక ఆ ఖాళీని ఎవరు నింపారు? ఓర్లాండోలోనే డిస్కవరీ కోవ్ అనే పార్కు ఉంది. 2000లో తెరిచారు. రోజుకు సుమారు 1,300 మందికే ప్రవేశం, పగడపు దిబ్బలా కట్టిన పెద్ద ఉప్పునీటి కొలను, వేలాది చేపలు. చాలా బాగుంటుంది. కానీ మనిషికి వందల డాలర్లు. తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కలిసి వెళ్ళాలంటే ఒక నెల ఇంటి అద్దె అంత అవుతుంది. సింగపూర్‌లో ఉన్న మనవాళ్ళు అదృష్టవంతులు. సెంటోసా దీవిలోని అడ్వెంచర్ కోవ్ వాటర్ పార్కులో ఇరవై వేల చేపల మధ్య స్నార్కెలింగ్ టికెట్టులోనే భాగంగా మొదలైంది. సొరలు లేకపోయినా, మొదటిసారి ముఖం ముంచేవాళ్ళకు అది చక్కటి చోటు.

అమెరికాలో మనవాళ్ళు సాధారణంగా చేసేది వేరు. ఏ సాధనా లేకుండా హవాయికో, మెక్సికోలోని కాంకూన్‌కో వెళ్ళి, పడవ ఎక్కి, జీవితంలో మొదటిసారి నోట్లో గొట్టం పెట్టుకుని లోతు సముద్రంలోకి దిగడం. దీన్ని నేను గట్టిగా వద్దంటాను. హవాయిలో పర్యాటకులు సముద్రంలో మునిగి చనిపోయే సందర్భాల్లో ఎక్కువ స్నార్కెలింగ్ చేస్తుండగా జరిగేవే. గొట్టంలోంచి గాలి పీల్చడానికి మామూలుకన్నా ఎక్కువ బలం కావాలి. మాస్కులోకి నీరు కారితే కొత్తవాళ్ళు కంగారుపడి తల పైకెత్తుతారు, కాళ్ళు కిందికి జారుతాయి, అలసిపోతారు. అన్నిటికన్నా భయంకరమైన విషయం, బోర్లా తేలుతూ చేపలను చూస్తున్న మనిషీ, స్పృహ తప్పిన మనిషీ దూరానికి ఒకేలా కనిపిస్తారు. అరుపు ఉండదు. మన విద్యార్థులు సరస్సుల్లో, జలపాతాల దగ్గర మునిగిపోయిన వార్తలు చదివి సంతాప సభలు పెట్టుకున్నాం, శవాలను స్వదేశం పంపడానికి చందాలు వేసుకున్నాం. ఆ డబ్బులో చిన్న వాటా ముందే ఈత పాఠాలకు పెట్టి ఉంటే బాగుండేదని అనుకోని రోజు లేదు.

అందుకే మన తెలుగు సంఘం కార్యవర్గానికి నా ప్రతిపాదన. వారాంతపు తెలుగు బడికి, నాట్య పోటీలకు మనం హాళ్ళు అద్దెకు తీసుకుంటున్నాం. అలాగే వేసవికి ముందు ఊరి కమ్యూనిటీ ఈతకొలనును గంటల లెక్కన తీసుకుందాం. పిల్లల కోసమైతే నేను అడగను. పిల్లలను మన తల్లులు ఎలాగూ ఈత తరగతులకు తిప్పుతున్నారు, కుర్చీలో తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని గంటలు గంటలు కూర్చుంటున్నారు. ఆ తల్లుల కోసం అడుగుతున్నాను. ఆడవాళ్ళకు మాత్రమే కేటాయించిన సమయం, నేర్పేది కూడా ఆడవాళ్ళే అయితే చాలామంది వస్తారు. బట్టల గురించి మొహమాటం అక్కరలేదు. నిండు చేతులు, చీలమండల దాకా వచ్చే ఈత దుస్తులు ఇప్పుడు అన్ని దుకాణాల్లో దొరుకుతున్నాయి. నూలు చుడీదారు మాత్రం పనికిరాదు, తడిసి బరువెక్కి కిందికి లాగుతుంది. ఒళ్ళంతా కప్పుకుంటే క్రీము కూడా తక్కువ రాసుకుంటే చాలు. పగడాలకు హాని చేస్తాయని రెండు రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి ఆపేసింది కూడా. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జోడు మీద మాస్కు కూర్చోదు, పక్కలనుంచి నీరు కారుతుంది. పవర్ అద్దాలు బిగించిన మాస్కులు అమ్ముతారు, ముందే తెప్పించుకోవాలి.

మొదటి రెండు వారాలు నడుములోతు నీళ్ళలో ముఖం ముంచి, గొట్టంతో ఊపిరి తీసుకోవడం నేర్చుకుంటే చాలు. తర్వాత వెల్లకిలా తేలడం, గొట్టంలోకి వచ్చిన నీటిని ఊది బయటికి పంపడం, జోడీలుగా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండటం. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగే దిగాలి. పెద్దవాళ్ళను బలవంతపెట్టవద్దు.

ఇవన్నీ వచ్చాక వెళ్ళడానికి ఒక చోటు ఉంది, అక్కడ టికెట్టు కూడా లేదు. కాలిఫోర్నియాలో శాన్ డియేగో దగ్గర లా హోయా షోర్స్. షార్క్ రీఫ్‌లో మనం చూసిన ఆ లెపర్డ్ షార్కులే వేసవి చివర్లో అక్కడి వెచ్చటి లోతులేని నీళ్ళలోకి వందలుగా చేరతాయి. చాలావరకు కడుపుతో ఉన్న ఆడ సొరలు. ఆ వెచ్చదనం కడుపులోని పిల్లలు ఎదగడానికి తోడ్పడుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అవి మనిషిని చూసి పక్కకు తప్పుకుంటాయి. ఇసుకలో స్టింగ్‌రేలు దాక్కుంటాయి కాబట్టి పాదాలు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడవాలి. లైఫ్‌గార్డులు ఉన్న వేళల్లోనే, కెరటాలు తక్కువగా ఉన్న ఉదయంపూటే దిగాలి. దక్షిణ కాలిఫోర్నియాలోని తెలుగువాళ్ళు సాయపడితే వచ్చే ఆగస్టులో ఒక బృందం వెళ్ళిరావచ్చు. కొలను అద్దె, నేర్పేవారి రుసుము ఎంతవుతుందో కనుక్కుని వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. నేర్పగలిగిన ఆడవాళ్ళు మనలోనే ఎవరైనా ఉంటే ముందుకు రావాలి.