ఫ్లెమింగోలు ఎగిరితేనే ఫొటోనా?

మొన్న ఆదివారం పులికాట్ సరస్సుకి వెళ్లొచ్చా, అప్పట్నుంచి కడుపు మండిపోతోంది, ఎవరికైనా కోపం వస్తే రానీ, ఇది రాయాల్సిందే.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి సరస్సు మధ్యలోంచే రోడ్డు పోతుంది కదా, రెండు పక్కలా నీళ్లే. చలికాలంలో అక్కడ బండి ఆపితే చాలు, ఫ్లెమింగోలు మామూలు కంటికే కనిపిస్తాయి. మనవాళ్లు ఏం చేస్తున్నారంటే హారన్లు కొట్టడం, ఈలలు వెయ్యడం, బురదలోకి దిగి వాటి మీదికి పరిగెత్తడం. ఒకాయనైతే రాళ్లు ఏరి పట్టుకున్నాడు, కొడుకు ఫోన్ పట్టుకుని "నాన్నా, ఇప్పుడు వెయ్" అంటున్నాడు. ఎందుకండీ అని అడిగితే, ఎగిరితేనే రెక్కల్లో ఎరుపు కనిపిస్తుందట, రీల్ బాగా వస్తుందట.

నిజమే, రెక్క విప్పితే ఆ ఎరుపూ అంచున నలుపూ చూసి ఎవరికైనా మతి పోతుంది. కానీ ఫ్లెమింగో కాకిలాగా ఉన్నచోటు నుంచి దిగ్గున లేవలేదు, నీళ్లలో తపతపా పరిగెత్తి వేగం అందుకుంటేనే లేస్తుంది, ఎంత ఓపిక ఖర్చవుతుందో చూడండి. పైగా దాని తిండి ఏమన్నా పెద్ద పెద్ద చేపలా? ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లు లాగి బయటికి నెడుతూ వడకట్టుకునే పురుగులు, సన్న రొయ్యల్లాంటివి, నాచు. బైనాక్యులర్స్‌లో చూస్తే కాళ్లతో బురద తొక్కి కలుపుతూ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ తింటుంటాయి, మధ్యలో ఇంకా రంగు రాని బూడిదరంగు పిల్లలు. గంటలు గంటలు అలా తింటేగానీ కడుపు నిండదు. ఆ గులాబీ రంగు వచ్చేది కూడా ఆ తిండి నుంచే, మనం ఫొటో కోసం చెడగొడుతున్నది సరిగ్గా దాన్నే!

పక్కనే ఉన్న నేలపట్టు పక్షుల కేంద్రంలో అరిస్తే ఇంకా ఘోరం. అక్కడ నీళ్లలో పెరిగే కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి, తల్లి బెదిరి లేచిందంటే గుడ్లు కాకుల పాలు, ఈకలు రాని పిల్లలు ఎండకి మాడిపోతాయి. ఆ ఊరోళ్లు తరాలుగా వాటి జోలికి పోరు, రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎంత బలమో వాళ్లకి తెలుసు.

ఫ్లెమింగో ఫెస్టివల్ చేసేవాళ్లకి ఒక్కటే అడుగుతున్నా, స్టేజీ ఖర్చులో కొంత తీసి రోడ్డు పక్కన నాలుగు స్పాటింగ్ స్కోపులు, అదే దూరంగా ఉన్న పక్షిని దగ్గరగా చూపించే స్టాండు దుర్భిణులు పెట్టండి, అక్కడి కుర్రాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి జీతమిచ్చి నిలబెట్టండి. పిల్లలు స్కోపులో ఫ్లెమింగో కన్ను చూస్తే రాయి వెయ్యాలన్న ఆలోచనే రాదు.

వెళ్లేవాళ్లు తెల్లారేసరికి అక్కడుండండి, ఎండెక్కితే నీళ్ల మీద సెగకి ఎంత పెద్ద లెన్స్ పెట్టినా ఫొటో మసగ్గానే వస్తుంది. రోడ్డు దిగకండి, కాసేపు ఓపిగ్గా నిలబడండి, ఏదో ఒక గుంపు దానంతటదే లేచి పక్కకి వెళ్తుంది, ఫొటో అప్పుడు తీసుకోండి.