గన్నేరు అంటే ఏ గన్నేరు?

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక చిట్కా పెట్టారు. రోజూ పరగడుపున నాలుగు గన్నేరు ఆకులు నమిలితే షుగర్ దిగుతుందట. సాయంత్రం నేను కిందికి వెళ్ళేసరికి పక్క ఫ్లాట్ పిన్నిగారు గేటు దగ్గర ఎర్రగన్నేరు ఆకులు కోస్తున్నారు. "పిన్నిగారూ, వద్దండీ, అది విషం" అంటూ చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. "గన్నేరనే కదమ్మా రాశారు" అన్నారావిడ. ఆవిడ తప్పేం లేదు. రాసినవాళ్ళ మనసులో ఉన్నది బిళ్ళగన్నేరు. రాసింది మాత్రం ఒట్టి గన్నేరు.

ఆ ఒక్క మాట తేడాకి ఒక మనిషి ప్రాణం పోయేది. అప్పట్నుంచీ అదే టెన్షన్, అందుకే ఈ పోస్టు.

ఎర్రగన్నేరు శాస్త్రీయ నామం నీరియం ఒలియాండర్. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. హైవే డివైడర్ల మీద బారులు బారులుగా కనిపించేది ఇదే. పశువులు ముట్టవు, నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది. పచ్చగన్నేరు కాస్కబెలా థెవీషియా, అదీ విషమే. గుడి దగ్గర ఉండే దేవగన్నేరు ప్లుమేరియా. ఇక బిళ్ళగన్నేరు కాథరాంథస్ రోజియస్. దాన్నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ అనే మందుని పిల్లలకి వచ్చే బ్లడ్ క్యాన్సర్‌లో ఇస్తారు. అంత గొప్ప మొక్క కాబట్టే అది కూడా ఇంట్లో నమిలే ఆకు కాదు. రక్తపరీక్షలు చూసుకుంటూ, డాక్టర్లు మిల్లీగ్రాముల్లో లెక్కకట్టి ఇచ్చే మందు.

లాటిన్ పేర్లు చదువుకున్నవాళ్ళ షోకు అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మందు మాట వచ్చిన చోట ఆ రెండు ముక్కల పేరు రాసి తీరాలి.

అలాగని తెలుగు పేరుని "లోకల్ నేమ్" అని తీసిపారేస్తే నాకు ఇంకా కోపం వస్తుంది. ఒక్కసారి ఈ నాలుగు పువ్వుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగింటికీ ఐదేసి రేకులు, గాలిమరలా ఒకే వైపుకి మెలితిరిగి ఉంటాయి. వృక్షశాస్త్రం వీటన్నింటినీ అపోసైనేసీ అనే ఒకే కుటుంబంలో పెట్టింది. వీటిలో బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది, పచ్చగన్నేరూ దేవగన్నేరూ అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చినవి. ఆ కొత్త మొక్కల్ని చూసి, ఇవి మన గన్నేరు చుట్టాలే అని పోల్చుకుని పేరు పెట్టిన మనవాళ్ళ కన్ను ఎంత నిశితమైనదో! ఏ మైక్రోస్కోపూ లేదు వాళ్ళ దగ్గర.

నర్సరీకి వెళ్తే బిళ్ళగన్నేరు అన్న మాటే వినపడదు. వింకా అంటారు. 1759లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని వింకా రోజియా అన్నాడు నిజమే, కానీ 1837లోనే దీన్ని కాథరాంథస్ అనే ప్రజాతిలోకి మార్చారు. అంటే శాస్త్రం ఎప్పుడో వదిలేసిన పేరు పట్టుకుని, అమ్మమ్మలు పిలిచిన పేరు వదిలేశాం. సామర్లకోటలో ఉండి మన మొక్కల బొమ్మలు గీయించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ రెండు వందల ఏళ్ళ కిందటే లాటిన్ పేరు పక్కన తెలుగు పేరూ రాసుకున్నాడు. ఆయన స్కాట్లండ్ నుంచి వచ్చినవాడు! మనకి ఒక ప్లాస్టిక్ చీటీ మీద రెండు పేర్లు రాయడం ఇంత కష్టమా?

నిన్న మా గేటు దగ్గర గన్నేరుకి నేనే అట్టముక్క కట్టాను. ఎర్రగన్నేరు, నీరియం ఒలియాండర్, విషం, నోట్లో పెట్టుకోకండి అని. పిన్నిగారే తాడు ముడివేశారు. దేవగన్నేరుని కొన్నిచోట్ల వాడగన్నేరు అనడం కూడా విన్నాను. మీ ఊళ్ళో ఏమంటారో, ఊరు పేరుతో సహా కింద రాయండి. రాసి పెట్టుకుంటాను.