గంజాయి మాన్పించాలంటే సాగు చేయించండి

గంజాయిని అరికట్టడానికి నా దగ్గర ఒక పథకం ఉంది. దీనికి కొత్త శాఖ అక్కర్లేదు, టోల్‌ఫ్రీ నంబర్ అక్కర్లేదు, సినిమా హీరోని పిలిచి 'సే నో' అని వీడియో తీయించాల్సిన పనీ లేదు. తాగేవాడి చేతే పండించాలి, అంతే. విత్తు దగ్గర్నుంచి కోత దాకా, సొంత పెరట్లో, ఎండలో వానలో, ఒక్క పంటకాలం. రెండో పంటకి మనిషి మిగలడు.

ఊరికే అంటున్న మాట కాదు ఇది. మేముండేది కెనడాలో, టొరంటో పక్కన. ఇక్కడ 2018 అక్టోబర్ 17 నుంచి గంజాయి చట్టబద్ధం, ఒంటారియోలో ఇంటికి నాలుగు మొక్కలు వేసుకోవచ్చు. మనిషికి నాలుగు కాదండోయ్, ఇంటికి నాలుగు. అన్నదమ్ములు కలిసున్న ఉమ్మడి కుటుంబమైనా నాలుగే, పంపకాల గొడవ మీరే తేల్చుకోవాలి. పక్కనే ఉన్న క్యూబెక్‌లో ఇంట్లో ఒక్క మొక్క కూడా కుదరదు, అలా కట్టడి చేసే అధికారం ఆ రాష్ట్రానికి ఉందని 2023లో ఇక్కడి సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది. తీర్పు మీద గౌరవం ఉంది కానీ నేను ఒప్పుకోను. అక్కడి కుర్రాళ్లకి సాగు కష్టం తెలిసొచ్చే ఏకైక మార్గాన్ని మూసేశారు.

ఇక నా ప్రయోగశాల సంగతి. అంటే మా పక్కిల్లు. అరవై దాటిన మనిషి, వెనక్కి కట్టిన నెరిసిన జుట్టు, వరండాలో గిటారు. ఆ రోజుల్లో ఎక్కడో చీకట్లో ఎవరి దగ్గరో కొనుక్కొచ్చి, కళ్లు మూసుకుని, ఈ మొక్కంటే స్వేచ్ఛ అనేవాడట, వాళ్లావిడ చెప్పింది. 2019 వేసవిలో మొదటిసారి నాలుగు మొక్కలు వేశాడు. ఆ తర్వాత ఆయన నోట స్వేచ్ఛ అన్న మాట నేనైతే వినలేదు. "రేపు తేమ ఎంతట?" అంటాడు. "ఈ ఎరువులో నత్రజని ఎక్కువైందేమో" అంటాడు. గిటారు మీద ఎరువు సంచి ఉంటోంది.

ఆ మధ్య ఒక వేసవికి మా నాన్న వచ్చాడు. ఆయనది గుంటూరు దగ్గర పల్లె, నలభై ఏళ్లు మిర్చి. 2021లో నల్ల తామర పురుగు పడి పూతంతా రాలిపోయిన ఏడాది మూడెకరాల తోట చేతులారా దున్నేసిన మనిషి. వచ్చిన రెండో రోజు పొద్దున్నే కంచె దగ్గర నిలబడి అటువైపు చూసి, నన్ను పిలిచి గొంతు తగ్గించి, "అది గంజాయి కదరా?" అన్నాడు. అవును నాన్నా, ఇక్కడ తప్పు కాదు అన్నాను. ఒక్క క్షణం ఆలోచించాడు. "అది సరే, ఆకు ముడుచుకుంటోంది. వాడికి చెప్పు."

నేను చెప్పేలోపే కంచె మీంచి చెయ్యి చాపి ఒక ఆకుని వెనక్కి తిప్పాడు. ఈనె పక్కన ఆవగింజలో పదో వంతు కూడా లేని చుక్కలు, పరీక్షగా చూస్తే కదులుతున్నాయి, వాటి చుట్టూ దుమ్ము పట్టిన సాలెగూడు లాంటి సన్నటి పొర. "ఎర్రనల్లి" అన్నాడు నాన్న, పాత శత్రువు ఊరు మారి ఇక్కడ కనపడితే పలకరించినట్టు. పక్కింటాయనకి ఒక్క ముక్క తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరూ ఆ ఆకు మీదికి వంగి పావుగంట మాట్లాడుకున్నారు. ఇంటర్‌ప్రెటర్‌గా నిలబడ్డ నేను కాఫీ పెట్టుకుందామని లోపలికొచ్చేశాను.

ఆ వేసవంతా వాళ్లిద్దరికీ అదే పని. నల్లి అయిపోతే పేనుబంక, పేనుబంక అయిపోతే రాగిరంగులో తళతళలాడే జపాన్ పెంకుపురుగులు, అవి ఆకుని జల్లెడ చేసి పోయాక పొద్దున్నే చూస్తే ఆకుల మీద విభూతి చల్లినట్టు బూడిద తెగులు. స్వేచ్ఛకి ఇన్ని తెగుళ్లుంటాయని ఏ తత్వవేత్తా రాయలేదు. వేపనూనె కొట్టమని నాన్న సలహా. తీరా చూస్తే ఈ దేశంలో వేపనూనెని పురుగుమందుగా అమ్మడానికి అనుమతి లేదు, అందుకని ఆకులకి మెరుపు తెచ్చే నూనె అని పేరు పెట్టి అమ్ముతారు. గంజాయి దొరుకుతుంది, వేపనూనెకి మాత్రం మారుపేరు కావాలి. నాన్న ఆ సీసాని అటూ ఇటూ తిప్పి చూసి, మన వేపచెట్టు ఏం పాపం చేసిందిరా అన్నాడు.

ఈ పంటలో ఇంకో విశేషం. మొక్కల్లో ఆడా మగా వేరువేరుగా ఉంటాయి, సరుకంతా ఆడ మొక్కల పువ్వే. మగ మొక్క పుప్పొడి రాల్చిందంటే ఆడ మొక్కలన్నీ గింజ కట్టి పంట చెడుతుంది. అందుకని జులై ఆఖర్లో పక్కింటాయన టార్చిలైటు, భూతద్దం పట్టుకుని కణుపు కణుపూ వెతికాడు, ఒకటి మగదని తేలగానే బావురుమన్నంత పని చేసి వేళ్లతో సహా పీకేశాడు. మగపిల్లాడు పుట్టినందుకు ఏడ్చిన ఇల్లు చూడటం నాకదే మొదలు. మన పెళ్లిళ్ల పేరయ్యలు ఒకసారి వచ్చి చూసి వెళ్లాలి.

ఆగస్టు చివరికి వాసన మొదలవుతుంది. వర్ణించను, ఉడుము చచ్చిన చోట ఎవరో నిమ్మకాయ పిండినట్టు అనుకోండి. ఆయన సిగ్గుపడి మా ఆవిడకి క్షమాపణ చెప్పాడు. పన్నెండేళ్లుగా మా ఎండుచేపల పులుసు వాసన పీల్చిన మనిషి, మేమెప్పుడూ చెప్పలేదే ఆ మాట, అని ఆవిడ రాత్రంతా బాధపడింది.

సెప్టెంబర్‌లో వానలు. పువ్వు బయటికి నిగనిగలాడుతుంటుంది, వేలితో విడదీస్తే లోపల బూడిదరంగు బూజు, పట్టుకుంటే పొడి. నిన్న బాగుంది, ఇవాళ లేదు. ఒక ఉదయం జోరువానలో వాళ్లావిడ తడుస్తూ వెళ్లి కారెక్కింది, ఎందుకంటే ఇంట్లో ఉన్న పెద్ద గొడుగు మొక్కకి పట్టి ఉంది. పట్టినవాడు ఆయనే. రెండు మొక్కలు పోయాయి, ఒకటి మగదని ముందే పోయింది, మిగిలినదొక్కటే. దాని మీద మెరిసే నూగు తెల్లబడిందా, తేనెరంగుకి తిరిగిందా అని రోజూ భూతద్దంతో చూస్తుంటే నాన్నకి విసుగొచ్చి, "కోతకొచ్చిన పంటకి అద్దం పట్టడమేంట్రా, మబ్బు చూసి కొయ్యమను" అన్నాడు. అక్టోబర్ మొదట్లో మంచు పడుతుందని ఫోన్‌లో వచ్చాక అర్ధరాత్రి కోశాడు. చీకటి గ్యారేజీలో వేలాడదీసి ఆరబెట్టడం, తర్వాత కూర్చుని చిన్న కత్తెరతో ఆకులు కత్తిరించడం, వేళ్లకి నల్లటి జిగురు, నడుం నొప్పి. మూడో సాయంత్రం తలెత్తి నన్ను అడిగాడు, షాపులో గ్రాము నాలుగైదు డాలర్లకి దొరుకుతుంటే నేను ఎందుకు చేస్తున్నానిదంతా, అని. మా నాన్న నలభై ఏళ్లుగా ఇదే ప్రశ్న మార్కెట్ యార్డులో అడుగుతున్నాడు.

పెద్ద కంపెనీల గతీ అంతే. ఆకుపచ్చ బంగారమని షేర్లు కొనిపించారు, గిడ్డంగుల్లో పంట పేరుకుంది, 2021 ఒక్క ఏడాదిలోనే ఈ దేశంలో అమ్ముడుపోని గంజాయిని 400 టన్నుల పైనే నాశనం చేశారు. పత్తికొండ టమాటా రైతు రోడ్డు మీద పారబోస్తే మనం ఫోటో తీసి జాలిపడతాం, వీళ్ల మీద జాలిపడే ఫోటోగ్రాఫర్ కూడా లేడు.

ఈ పథకాన్ని మన దగ్గర పెట్టలేమని తెలుసు. 1985 నాటి చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, పెరట్లో ఒక్క మొక్కా కొండ మీద పదెకరాలా అన్న తేడా ఆ సెక్షన్‌లో లేదు. 2021లో ఆపరేషన్ పరివర్తన అని విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు కుప్ప పోసి తగలబెట్టారు. ఇలాంటి కేసుల వార్త ఎప్పుడు చదివినా తోట వేసిన గిరిజనుడు, మూట మోసినవాడు రిమాండులో ఉంటారు, పెట్టుబడి పెట్టినవాడు 'పరారీలో' ఉంటాడు. పరారీ అన్నది ఏ జిల్లాలో ఉందో గానీ జనాభా బాగానే ఉన్నట్టుంది.

పురుగుల విషయంలోనూ మన దేశం ముందుంది. కెనడాలో నల్లి, పేను. మనకి ఎలుకలు. 2022లో ఉత్తరప్రదేశ్ మథుర పోలీసులు, స్టేషన్ మాల్‌ఖానాల్లో దాచిన 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని కోర్టుకి చెప్పుకున్నారు. రుజువు తెమ్మంది కోర్టు. 2024లో ధన్‌బాద్‌లో కూడా ఎలుకల పద్దులోనే పడ్డాయి భంగు, గంజాయి కలిపి పంతొమ్మిది కిలోలు. పంట చేలో ఉండగా కాకుండా, కోసి, తూకం వేసి, సీలు కొట్టాక తినే పురుగుకి మందు ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయం కనిపెట్టాలి?

కాబట్టి చట్టానికి లోబడి పథకంలో చిన్న సవరణ. "అది నేచురల్ బ్రో, మొక్కే కదా" అనే ప్రతి కుర్రాడికీ అరెకరం మిర్చి. మిర్చి కూడా నేచురలే. సొంత అప్పు, బీమా లేదు, తామర పురుగు ప్రభుత్వం వారి సౌజన్యం.

చెప్పడం మర్చిపోయాను, ఆ వేసవి ఆగస్టులో ఒక ఆఫీసరు కూడా వచ్చాడు. పక్కింటికి కాదు, మా ఇంటికి. మా పెరడు వెనక నడకదారి ఉంది, ఎవరో కంచె సందులోంచి చూసి ఫిర్యాదు చేశారట. ఆయన వరసగా లెక్కపెట్టాడు. అటువైపు మూడు, చట్ట ప్రకారం. ఇటువైపు ఇరవై ఆరు, నా కంటే ఎత్తు, చేతివేళ్లలా చీలిన ఆకులు. నాన్న సూట్‌కేసులో తెచ్చిన గింజలు, మన గోంగూర. దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్, ఆకు చూస్తే గంజాయిలా ఉందని పెట్టిన పేరు. ఈ ముక్క ఆఫీసరుకి చెబితే కేసు గట్టిపడుతుందని నోరు మూసుకున్నాను. పైగా గాలి పక్కింటి నుంచి మా వైపే వీస్తోంది.

నాన్న ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి ఒక ఆకు తుంపి తను నమిలాడు. ఇంకోటి తుంపి ఆయనకిచ్చాడు. ఆయన నా వైపు చూశాడు, ఆకు వైపు చూశాడు, చివర కొరికాడు. ఎడమకన్ను దానంతటదే మూసుకుపోయింది. దవడ బిగిసింది. కంచె అవతల పక్కింటాయన మందు కొట్టే సీసా పట్టుకుని, నవ్వు ఆపుకోలేక మొక్కల వెనక్కి తప్పుకున్నాడు.

ఆఫీసరు జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నాన్న ఒక కట్ట కోసి ఇవ్వబోతే తీసుకోకూడదన్నాడు. "పోనీ ఎలా చెయ్యాలో చెప్పు. ఎండుమిర్చి వేయించి, వెల్లుల్లి వేసి నూరుకోమను. నూనె మాత్రం వాళ్లు పోసుకునేంత కాదు, మనం పోసుకునేంత పొయ్యమను."

నేను అంతా అనువదించాను, నూనె సంగతి తప్ప.